మొక్కవోని అని నేనే రాశాను

ధర్మపురి నుంచి ఒక తెలుగు దినపత్రికకు చాలా ఏళ్లు విలేకరిగా పనిచేశాను. నా వార్త దెబ్బకు మద్రాసులో మంత్రివర్గం కదిలింది అని పెళ్లి పంక్తుల్లో పక్కన కూర్చున్నవాళ్లకు చెబుతుంటాను. ఉన్నమాట చెప్పాలంటే, కదిలింది ఒక కరెంటు స్తంభం. మొరప్పూర్ రోడ్డులో ఒక ఇంటి వాకిలికి అడ్డంగా ఉండేది. నేను వార్త రాసిన నెలకు దాన్ని నాలుగడుగులు పక్కకు జరిపారు. ఇంకా ఉన్నమాట చెప్పాలంటే, జరిపించింది నా వార్త కాదు, ఆ ఇంటాయన బావమరిది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు మా అంగడికి వచ్చి, వార్త ఎలా రాయాలి సార్ అని అడుగుతారు. వాళ్లకు స్తంభం కథే కొంచెం పెంచి చెప్పి, కాఫీ ఇచ్చి పంపేస్తాను. ఇప్పుడు వయసు మీద పడింది. పెంచడానికి ఓపిక తగ్గింది. ఒకే ఒక మాట గురించి, దానితో నేను చేసిన పని గురించి రాస్తాను. మిగతావన్నీ మీరే నేర్చుకుంటారు.

దారం కట్టిన మాట

అరవైల చివర్లో నేను చేరినప్పుడు మా పత్రిక మద్రాసులో అచ్చయి, రైల్లో మొరప్పూర్ వచ్చి, అక్కణ్నుంచి బస్సు టాపు మీద ధర్మపురి చేరేది. వచ్చేవి మూడు ప్రతులు. ఒకటి నాకు, ఒకటి రైల్వేలో పనిచేసే ఒక నెల్లూరాయనకు, మూడోది ఒక బట్టల అంగడికి. ఆ అంగట్లో తెలుగు చదవడం ఎవరికీ రాదు. పొద్దున్నే ఆ అక్షరాలను ఒకసారి చూసుకుంటే వాళ్ల తాతకు సంతోషం, అందుకు తెప్పించేవాళ్లు.

మా వైపు తెలుగు అలాంటిది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మాట్లాడేవాళ్లు ఊళ్లకు ఊళ్లు ఉన్నారు, చదివేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చిన్నప్పుడు కుప్పంలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకోవడం వల్ల నాకు అక్షరాలు వచ్చాయి. ఆ నాలుగు అక్షరాలతోనే నేను పండితుణ్నయిపోయాను.

మద్రాసులో మా న్యూస్ ఎడిటర్ గుంటూరు వైపు మనిషి. వారానికొక కార్డు రాసేవారు. అన్నిట్లోనూ ఒకటే తిట్టు. "ఏమయ్యా శెట్టీ, నీ వార్తలో ఉప్పేదీ? ఫలానా ఆయన దీక్ష చేశాడని రాస్తావు. ఎలాంటి దీక్షయ్యా? ఉత్త దీక్షా?"

ఒకసారి మద్రాసు పోయినప్పుడు ప్రెస్సు లోపలికి తీసుకెళ్లారు. అక్షరాలు చేత్తో పేర్చే కాలం. అక్కడి కంపోజిటర్ ఒక అరలోంచి దారంతో కట్టిన సీసపు ముక్కల కట్ట తీసి చూపించాడు.

"ఇదేమిటో చెప్పండి?"

తలకిందులుగా చదివాను. మొక్కవోని దీక్ష.

"రోజుకు రెండుసార్లన్నా వస్తుందండీ. విప్పి మళ్లీ పేర్చే ఓపిక ఎవరికుంది? ఇలా కట్టి పెట్టుకుంటాం" అన్నాడు.

అందరం నవ్వాం. మీకు ఇందులో పాఠం కనిపిస్తుంది కదా, నాకు అప్పుడు కనిపించింది వేరే. పెద్ద పత్రికల్లో పెద్ద మాటలు కట్టి సిద్ధంగా ఉంటాయి, మనమూ వాటినే పంపితే ప్రెస్సుకు శ్రమ తప్పుతుంది, మన వార్త పడుతుంది, అనుకుంటూ రైలెక్కాను.

ఆ తర్వాత ఏ మాట ఎవరికి వాడాలో త్వరగానే పట్టుబడింది. దొంగల్ని పట్టుకున్న పోలీసులది పట్టువదలని గాలింపు. కాలం చేసిన నాయకుడిది అలుపెరగని పోరాటం. రిటైరయ్యే హెడ్మాస్టరుది అకుంఠిత సేవ. పెద్దమనిషి ఎవరైనా ఆఫీసు ముందు అన్నం మానేసి కూర్చుంటే మొక్కవోని దీక్ష. అదే ఒక కూలివాడు కూర్చుంటే మొండిపట్టు. ఈ చివరి నియమం మాకు ఎవరూ చెప్పలేదు. అందరమూ పాటించాం.

మునుసామి నాయుడు

డెబ్బైల మొదట్లో సంగతి. మునుసామి నాయుడు కారిమంగళం అవతల మూడు మైళ్ల దూరంలో ఉండే ఒక పల్లె మనిషి. పల్లె పేరు రాయను, ఆయన వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అరవై దాటిన వయసు, ఎండిన చెరకు గడలా ఉండేవాడు. కొంచెం మెట్ట, ఒక బావి. భార్య కుప్పమ్మ వారం వారం గంపలో వంకాయలు, చిక్కుళ్లు పెట్టుకుని కారిమంగళం సంతకు పోయేది.

ఆ పల్లె ముందు నుంచే బస్సు పోతుంది. ముందు నిలిచేది. బస్సు యజమాని మారాక నిలపడం మానేశారు. కుప్పమ్మకు మోకాళ్లు వాచిపోయాయి. అయినా సంతకు పోయేటప్పుడు మూడు మైళ్లు, వచ్చేటప్పుడు మూడు మైళ్లు నడక. నాయుడు అర్జీలు రాయించి రాయించి విసిగిపోయాడు. చివరికి ఒకరోజు ధర్మపురిలో బస్సుల పర్మిట్లు చూసే ఆఫీసు ఎదురుగా తాటాకు పందిరి వేసుకుని, చాప పరుచుకుని, అన్నం మానేసి కూర్చున్నాడు.

మొదటి రోజే పోయి పలకరించాను. మా అంగట్లో చాలా ఏళ్లుగా సరుకులు తీసుకునే మనిషి. నేను మామా అంటాను.

"ఏం మామా, చచ్చేదాకానా?"

"నీకేమన్నా పిచ్చి పట్టిందా శెట్టీ? చచ్చేదానికి ధర్మపురి దాకా రావల్లనా? మా ఊర్లో చావలేనా? రెండు మూడు దినాలు కూర్చుంటే వాళ్లే పిలిచి మాట్లాడతారు. మాట్లాడితే లేస్తాను. మా ముసల్ది వచ్చే సంతకు బస్సులో పోవల్ల, అంతే నాకు."

కుప్పమ్మ పక్కనే కూర్చుని ఉంది. "ఈయప్పకు నా కాళ్ల మీద వచ్చిన అక్కర నా మీద ఎన్నాళ్లకు వస్తుందో" అంది. నాయుడు నవ్వాడు. పై పళ్లు రెండు లేవు.

మూడో రోజు నేను వార్త రాశాను. "బస్సు సౌకర్యం కోసం రైతు నాయకుడు మునుసామి నాయుడు మొక్కవోని దీక్ష సాగిస్తున్నారు. వేలాది ప్రజలు తరలివచ్చి సంఘీభావం ప్రకటిస్తున్నారు." ఆయన ఏ రైతులకూ నాయకుడు కాదు. వేలాది ప్రజలంటే నలభై మంది, అందులో సగం మంది ఆ నీడలో బస్సు కోసం నిలబడినవాళ్లు.

ఆ విశేషణం మద్రాసులో వార్తలు దిద్దే డెస్కువాళ్లు చేర్చారని చాలా ఏళ్లు అందరికీ చెబుతూ వచ్చాను. వాళ్లు చేర్చలేదు. నేనే రాశాను. నల్లసిరాతో, అంగడి బల్ల మీద, రాసి ఒకసారి పైకి చదువుకున్నాను కూడా.

మజ్జిగ గ్లాసు

మూడో రోజు పంపింది అచ్చయి అయిదో రోజుకు మా చేతికి వచ్చింది. ఆ పొద్దున బస్సు దగ్గర పేపరు అందుకుని నేరుగా పందిరికి పోయాను.

నేను పోయేసరికి పని అయిపోవచ్చింది. ఆఫీసరు బయటికి వచ్చి, బస్సు యజమానితో మాట్లాడాను, కొన్నాళ్లలో నిలిపేలా చేస్తాను, లేవండి పెద్దాయనా అని తమిళంలో చెబుతున్నాడు. మంచివాడే. కుప్పమ్మ గ్లాసులో మజ్జిగ కలిపి ఇచ్చింది. నాయుడు గ్లాసు చేతికి తీసుకున్నాడు కూడా.

ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను ఆగి ఉండాలి. ఆగలేదు. నా వార్త పడింది, నలభై మంది ఉన్నారు, చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. పేపరు విప్పి, గొంతు సవరించుకుని చదివాను.

నాయుడి తమ్ముడి కొడుకు చిన్నప్ప అడిగాడు. "ఏమది శెట్టన్నా? మొక్కు...?"

"మొక్కవోని దీక్ష" అని మళ్లీ చదివాను. ఈసారి ఇంకా గట్టిగా.

"మొక్కా! మొక్కుకోని కూర్చున్నాడా మన పెద్దనాయన?"

"అదే కదప్పా వేసినారు, మొక్కు పోనీకుండా దీక్ష అని" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"ఏ సామికి వేండుదల?" అని మొక్కును తమిళంలో అడిగాడు ఇంకొకడు.

"మనకు చెప్పనే లేదు చూడు. పేపరోళ్లకు చెప్పినాడు."

కుప్పమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నాకు తెలీకుండా మొక్కుకున్నావా?"

నాయుడు నా వైపు చూశాడు. "శెట్టీ, మొక్కు అని వేసినారా?"

అందరూ నన్నే చూస్తున్నారు. అది మొక్కు కాదని నాకు తెలుసు. మరి ఏమిటని అడిగితే చెప్పడం రాదు. కొన్ని వందలసార్లు రాసి ఉంటాను, ఆ మాటకు అర్థం ఏమిటో ఒక్కసారీ చూసుకోలేదు. తెలియదు అన్న ఒక్క మాట ఆ పందిట్లో అని ఉంటే నా పాండిత్యం పోయేది, మజ్జిగ ఆయన కడుపులోకి పోయేది.

"ఆ... అట్లాంటిదే మామా" అన్నాను.

నాయుడు గ్లాసు చాప మీద పెట్టాడు.

"నడిమధ్యలో విడిస్తే ఊరికి చేటు పెద్దనాయనా" అన్నాడు చిన్నప్ప. "అసలే వాన లేని కాలం. బస్సు నిలిచినాకనే లేవల్ల." నలుగురూ అవునన్నారు. బెదిరించినట్టు కాదు, మర్యాదగానే అన్నారు. అంతవరకు ఆయన బస్సు కోసం కూర్చున్న ముసలాయన. ఇప్పుడు మొక్కు ఉన్న మనిషి. ఒకావిడ వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టి పోయింది.

ఆఫీసరు కాసేపు నిలబడి చూశాడు. "పిడివాదం" అని లోపలికి పోయాడు. మొండిపట్టుకు తమిళంలో అదే మాట.

వేయని సవరణ

ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక నాయుడు నన్ను దగ్గరికి పిలిచాడు. గొంతు అప్పటికే సన్నబడింది.

"నేను యా సామికీ మొక్కలేదప్పా."

"తెలుసు మామా."

"తెలుసా? మరి ఎట్ల పడింది?"

నేను పేపరు మడత పెట్టాను. ఆయనే అన్నాడు. "పోనీలే. ఇప్పుడు నేను కాదంటే అందురూ నిన్ను అబద్దాలోడు అంటారు. అంగడి పెట్టుకోని బతికేవాడివి. అది వద్దు. నువ్వే ఇంకొక తూరి రాసి వేయించు, మొక్కు ఏమీ లేదు అని. అది వచ్చినాక అందురి ముందరా చదువు, నేను లేస్తాను. రెండు దినాలే కదా. ఉంటాను."

ఇది చదివే మీరు పత్రికల్లో పనిచేసేవాళ్లు. సవరణ అంటే మనకు ఎంత చిరాకో మీకు తెలుసు. మనం తప్పు రాశాం అని మన చేత్తోనే రాయాలి. దాన్ని లోపలి పేజీలో, ఎవరూ చూడని మూల వేస్తారు. ఆ మూలలో పడే రెండు వాక్యాల కోసం ఒక మనిషి ఆకలితో కూర్చుంటాడని అంతకు ముందు ఎవరైనా చెబితే నేనే నమ్మేవాణ్ని కాదు.

సవరణ పంపాను, డెస్కువాళ్లు వేయలేదు అని తర్వాత తోటి విలేకరులకు చెప్పాను. మా ఇంట్లోనూ అదే చెప్పాను. అది అబద్ధం. ఆ సాయంత్రం నిజంగానే కాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాను. అప్పుడే న్యూస్ ఎడిటర్ కార్డు వచ్చింది. "ఇదీ వార్తంటే. మొదటి పేజీకి తీసుకుంటాం. రోజూ పంపు." మొదటి పేజీ! నేను చేరినప్పటి నుంచి ధర్మపురి పేరు మొదటి పేజీలో పడలేదు. సవరణ కోసం తీసిన కాగితం మీదే కొత్త వార్త రాశాను. అందులో ఆ మాట రెండుసార్లు ఉంది.

ఏడో రోజు పేపరు వచ్చింది. మొదటి పేజీ, కింద కుడి పక్క. పందిరి దగ్గరికి పేపరు లేకుండా పోయాను.

"వచ్చిందా శెట్టీ?"

"రేపు వస్తుంది మామా."

ఎనిమిదో రోజు ఆయన కళ్లు తెరిచి చూశాడు గాని అడగలేదు. నేనే "రేపు" అన్నాను. కుప్పమ్మ తడిగుడ్డతో ఆయన పెదవులు అద్దుతోంది. మొక్కు కాబట్టి నీళ్లు పోయవచ్చా కూడదా అని నన్ను అడిగింది. పోయమన్నాను. అదొక్కటే ఆ తొమ్మిది రోజుల్లో నేను నిజంగా చెప్పిన సలహా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పడిపోయాడు. చిన్నప్ప, ఇంకో ఇద్దరూ ఆసుపత్రికి మోసుకుపోయారు. మరునాడు తెల్లవారాక ప్రాణం పోయింది.

వార్త నేనే పంపాను. దానికి ఏ విశేషణమూ పెట్టలేదు. మద్రాసులో వాళ్లు పెట్టారు. దారం విప్పే పని కూడా ఉండి ఉండదు.

పదును

పదిహేను రోజుల తర్వాత కుప్పం పోయి మా మేనమామ నిఘంటువు తెరిచాను. మొక్క అంటే కత్తి అంచు మొద్దుబారడమట. అలా మొద్దుబారనిది మొక్కవోనిది. అంటే పదును పోనిది. మొక్కుతో దానికి ఏ సంబంధమూ లేదు.

మొద్దుబారినదాన్ని మన ఇళ్లలో మొండి అంటాం. మొండి కత్తి, మొండి కొడవలి. పట్టు విడవని మనిషినీ మొండివాడే అంటాం. చూడండి ఎంత విచిత్రమో. ఒకే మనిషి ఒకే చోట కూర్చుంటాడు. రాసేవాడికి నచ్చితే ఆయన పదును పోనివాడు, నచ్చకపోతే పదును లేనివాడు. ఆఫీసరు ఒకటి అన్నాడు, నేను ఇంకొకటి రాశాను. నాయుడు ఈ రెండూ కాడు. మాట్లాడితే లేస్తానని మొదటి రోజే చెప్పాడు. ఆ మాట నేను వార్తలో రాయలేదు. అది రాసి ఉంటే వేరే ఏ మాటా అక్కర్లేకపోయేది.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. దీక్షలో కూర్చున్న మనిషికి విశేషణం తగిలించకండి. దాని వల్ల ఆయన లేచే దారి మూసుకుపోతుంది. అయిదు రోజులుగా తినలేదని రాయండి. ఏమిస్తే లేస్తాడో ఆయన్ని అడిగి అదీ రాయండి. అర్థం తెలియని మాట రాయకండి, అది ఎంత గంభీరంగా మోగినా సరే. మన వార్త ఎవరి గురించో ఆ మనిషి దాన్ని చదివించుకుని వింటాడు. విన్నదాని ప్రకారం నడుచుకోవాలని చూస్తాడు.

కుప్పమ్మ

కర్మ అయిపోయాక కుప్పమ్మ అంగడికి వచ్చింది. లోపలికి రాలేదు. మెట్టు మీద కూర్చుంది.

"అప్పా, ఒకటి అడగల్ల. ఆయన మొక్కు ఏ సామికి? నాకు చెప్పకుండానే పోయినాడు. నీకు చెప్పినాడు కదా, పేపర్లో రాసినావే. మొక్కు తీర్చకుంటే ఆయప్ప ఆత్మ నిలవదు. నేను తీరుస్తాను, చెప్పు."

అత్తా, మొక్కు ఏమీ లేదు, నాకు తెలియని మాట ఒకటి రాశాను అని చెప్పేశాను, ఆమె కాళ్ల మీద పడ్డాను అని ఇక్కడ రాయాలని చాలా ఉంది. చెప్పలేదు. మొక్కు లేదంటే, తాను కలిపి ఇచ్చిన ఆ మజ్జిగ మొగుడు తాగి ఉండవచ్చని ఆమెకు తెలిసిపోతుంది, అది ఆమె తట్టుకోలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. మిగతాది భయం.

"కారిమంగళంలో సంత దగ్గర మారెమ్మకు అత్తా" అన్నాను. అంతటితో ఊరుకోవడం నాకు చేతకాదు కదా. "మూడేండ్లు పొంగలి పెడతానని."

"మారెమ్మకా" అంది. తల ఊపింది. లేచి, మోకాళ్లు పట్టుకుని మెట్టు దిగింది.

ఆరు నెలలకు ఆ పల్లెలో బస్సు నిలవడం మొదలైంది. ఆఫీసరు మాట నిలబెట్టుకున్నాడు. నేను దాన్ని నా వార్త ఫలితం అని రాశాను.

మూడో ఏడు ఆడినెలలో, అంటే మన ఆషాఢంలో, ఒక పొద్దున నేను అదే బస్సులో కారిమంగళం వస్తున్నాను. బస్సు ఆ పల్లెలో నిలిచింది. రోడ్డు పక్కన కుప్పమ్మ, తల మీద పొంగలి కుండ. కాళ్లకు చెప్పులు లేవు. చాలా వంగిపోయింది.

"ఎక్కు అవ్వా, ఎక్కు" అన్నాడు కండక్టరు.

"వద్దప్పా. మొక్కు. నడిచే పోవల్ల."

"ప్రతి ఏడూ ఇదే మాట. బస్సు తెచ్చిన ఆయప్ప పెండ్లాం బస్సెక్కదు" అన్నాడు కండక్టరు నాతో.

ఆమె నన్ను చూసింది. నవ్వింది. "ఈ ఏటితో తీరిపోతాదప్పా. ఆయప్పకు చెప్పుకుంటాను, శెట్టే గుర్తుపెట్టుకోని చెప్పినాడు అని."

నేను దిగి, ఆ కుండ అందుకుని, మూడు మైళ్లూ ఆమెతో నడిచాను. దారిలో అంతా చెప్పేశాను.

దిగలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చునే ఉన్నాను. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు లేపిన దుమ్ము పొంగలిలో పడకుండా ఆమె కుండ మీద కొంగు కప్పుకుని, రోడ్డు వారగా నడక మొదలుపెట్టింది.